రోజూ వేసుకునే అలర్జీ గోలీని జాగ్రత్తగా ఎలా వాడాలి

మొన్న సాయంత్రం ఒకావిడ కౌంటర్ మీద స్ట్రిప్ ముక్క ఒకటి పెట్టి, "అన్నా, ఇవే ఇంకో పది ఇవ్వు" అన్నది. రెండు గోలీలు మిగిలిన ముక్క. ఎవరో కత్తెరతో కోసి ఇచ్చారు. వెనక్కి తిప్పి చూస్తే "ట్యాబ్లెట్స్" అన్న మాట చివరి సగం ఉంది, ధరలో ఒక అంకె ఉంది. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ తేదీ అన్నీ కత్తెర అవతలి ముక్కతో పోయాయి. ఎందుకు వాడుతున్నారని అడిగాను. నాలుగు నెలల నుంచి ఒంటి మీద దద్దుర్లు, రోజూ ఒకటి వేసుకుంటేనే ఆగుతున్నాయట. తుమ్ములకు వేరే చోట కొన్న ఇంకో గోలీ కూడా వేసుకుంటున్నారు. ఫోన్‌లో దాని ఫోటో చూపించారు. అది మాంటెలుకాస్ట్, లెవోసెటిరిజిన్ కలిపిన గోలీ. మొదటిదాన్ని కొన్న షాపుకు ఫోన్ చేయించాం. అది కూడా లెవోసెటిరిజినే. ఒకే మందు రెండు పేర్లతో రోజుకు రెండుసార్లు కడుపులోకి పోతోంది. మధ్యాహ్నం కాగానే కళ్లు మూతలు పడుతున్నాయని ఆమె బీపీ చూపించుకుంటూ తిరుగుతున్నారు.

హైదరాబాద్‌లో మెడికల్ షాపు కౌంటర్ వెనక చాలా ఏళ్లుగా నిలబడుతున్నాను. ఇంత అలవాటుగా, ఇంత తక్కువ తెలుసుకుని వాడే మందు ఇంకొకటి నాకు కనిపించలేదు. అలర్జీ గోలీలు చెడ్డవి కావు. కొత్త రకాలు పద్ధతిగా వాడితే నెలల తరబడి వాడినా చాలామందికి ఇబ్బంది ఉండదు. ఆ పద్ధతి ఏమిటో వరసగా చెబుతాను. ఇది డాక్టర్ చీటీకి బదులు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో, ఇంట్లో ఏం చూసుకోవాలో తెలియడం కోసం.

అన్నిటికన్నా ముందు: గోలీతో ఆగకూడని పరిస్థితి

దద్దుర్లతో పాటు నాలుక గానీ గొంతు గానీ వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా, పిల్లికూతలు వినిపించినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, ఏదైనా తిన్నాకో మందు వేసుకున్నాకో కందిరీగ కుట్టాకో దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా, అది అనాఫిలాక్సిస్, అంటే ఒళ్లంతటినీ ఒకేసారి దెబ్బతీసే ప్రాణాంతక అలర్జీ, కావచ్చు. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటి వైపు కండలో ఇస్తారు. అలర్జీ గోలీ పనిచేయడానికి సుమారు గంట పడుతుంది. పనిచేసినా దురదను, దద్దుర్లను తగ్గిస్తుందే తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవలేదు, పడిపోతున్న బీపీని నిలపలేదు. "ఒక గోలీ వేసి చూద్దాం" అని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. లేపి నడిపించవద్దు, బండి వెనక కూర్చోబెట్టి తీసుకుపోవద్దు.

ఇంకో రకం వాపు ఉంది. దద్దుర్లు ఉండవు, దురద ఉండదు, పెదవో నాలుకో మాత్రం వాస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతుంటే దాని వల్ల ఇలా జరగొచ్చు, ఏళ్ల తరబడి వాడాక కూడా. దీనికి అలర్జీ గోలీ పనిచేయదు. ఆసుపత్రికి వెళ్లాలి, బీపీ మందు పేరు అక్కడ చెప్పాలి.

ఇది అలర్జీయేనా?

ముక్కు సంగతి తేలిక. వరసగా తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్లలో, అంగిట్లో దురద, జ్వరం లేకపోవడం, ఇవన్నీ ఉంటే అలర్జీ వైపే చూడాలి. మన ఊళ్లో వానలు పడ్డాక ఖాళీ ప్లాట్లలో నడుము ఎత్తు పెరిగే వయ్యారిభామ పువ్వు, రోడ్డు పనుల దుమ్ము, పరుపుల్లో ఉండే కంటికి కనిపించని పురుగులు, బొద్దింకలు, ఇవి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి. జ్వరం, ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి ఉంటే అది సర్ది, సాధారణంగా వారం పది రోజుల్లో పోతుంది. దానికి రోజువారీ గోలీ అక్కర్లేదు.

దద్దుర్ల దగ్గర ఇంకాస్త చూడాలి. అలర్జీ గోలీకి లొంగే దద్దుర్లు ఎర్రగా ఉబ్బి, బాగా దురద పెట్టి, ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తాయి. ఒక్కో దద్దురు 24 గంటల లోపు మచ్చ లేకుండా పోతుంది. అలా పోతోందో లేదో తెలుసుకోవడానికి బాల్‌పెన్‌తో ఒక దద్దురు చుట్టూ గీత గీసి, టైం రాసిపెట్టుకోండి. మర్నాడు అదే టైంకి కూడా గీత లోపల అలాగే ఉంటే, లేదా దురద కన్నా నొప్పి, మంట ఎక్కువ ఉంటే, తగ్గాక గోధుమ రంగు మచ్చ మిగిలితే, అది రక్తనాళాల వాపు వల్ల వచ్చే వేరే జబ్బు కావచ్చు. చర్మ డాక్టర్‌కు చూపించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లే సమయానికి దద్దుర్లు మాయమైపోవడం మామూలే కాబట్టి లేచినప్పుడే ఫోటో తీసి ఉంచుకోండి.

మీ గోలీ అసలు పేరు కనుక్కోండి

పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు పేరు. స్ట్రిప్ వెనక ఉంటుంది. సెట్‌జైన్, ఒకాసెట్, అలెరిడ్ అని మూడు వేరువేరు పేర్లతో అమ్మినా లోపల ఉన్నది సెటిరిజిన్. అలెగ్రా అంటే ఫెక్సోఫెనడిన్. అవిల్ అంటే ఫెనిరమిన్. పేరు చివర "ఎల్‌సి" అని ఉంటే సాధారణంగా మాంటెలుకాస్ట్‌తో లెవోసెటిరిజిన్ కలిపినట్టు. జలుబు గోలీల్లో పారాసెటమాల్‌తో పాటు అలర్జీ మందు కూడా ఉంటుంది, చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్, కొన్నిటిలో సెటిరిజిన్. దగ్గు సిరప్‌లలోనూ ఉంటుంది. అంటే మీరు రోజువారీ గోలీ వేసుకుంటూ, జలుబు చేసిందని ఇంకోటి వేసుకుని, రాత్రి దగ్గు మందు తాగితే ఒకే పని చేసే మందు మూడు దారుల్లో వెళ్తుంది. అలర్జీ మందు ఒక సమయంలో ఒక్కటే ఉండాలి. ఎక్కువ కావాలంటే ఆ మాట డాక్టర్ చెప్పాలి.

షాపులో స్ట్రిప్ కోయాల్సి వస్తే పేరు, తేదీ ఉన్న వైపు మీకు ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. అది కుదరకపోతే కోసేముందు మొత్తం స్ట్రిప్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

మాంటెలుకాస్ట్ గురించి ఒక మాట. అది యాంటీహిస్టమిన్ (సెటిరిజిన్ లాంటి మామూలు అలర్జీ మందుల రకం) కాదు. కొందరిలో చెడ్డ కలలు, చిరాకు, దిగులు, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందని 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి గట్టి హెచ్చరిక జోడించింది. ముక్కు అలర్జీ మాత్రమే ఉన్నవాళ్లకు మిగతా మందులు పనిచేయకపోతేనే ఇవ్వమంది. తుమ్ములకని నెలల తరబడి "ఎల్‌సి" గోలీ కొనుక్కుంటున్నవాళ్లు చాలామంది. మీకు ఉబ్బసం లేకపోతే, అందులో మాంటెలుకాస్ట్ నిజంగా అవసరమా అని డాక్టర్‌ని ఒకసారి అడగండి. పిల్లల ప్రవర్తన మారితే అసలు ఆలస్యం చేయవద్దు.

పాత రకమా, కొత్త రకమా

క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్, ప్రోమెథజిన్, ఇవి పాత రకం. మెదడులోకి బాగా వెళ్తాయి, అందుకే నిద్ర. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రం ఆగుతుంది. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లోరటడిన్, డెస్‌లోరటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్, ఇవి కొత్తవి. రోజూ వాడాల్సి వస్తే కొత్తవే వాడాలి. "అవిల్ అయితేనే నాకు పనిచేస్తుంది" అనేవాళ్లకు తరచుగా నిద్రే ఉపశమనంలా అనిపిస్తుంది. ఆ నిద్ర కూడా మంచి నిద్ర కాదు, మత్తు మర్నాడు పొద్దున దాకా మిగులుతుంది.

మా మామయ్యకు 70 దాటాయి, ప్రోస్టేట్ వాపు ఉంది. నేను ఊళ్లో లేని ఒక రోజు జలుబని దగ్గర్లో ఒక షాపులో రెండు రకాల గోలీలు ఇచ్చారు, రెండింట్లోనూ క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. పైగా ఒకదానిలో ముక్కు దిబ్బడకని ఫినైలెఫ్రిన్. రాత్రి పదింటి నుంచి మూత్రం రాలేదు. పొట్ట కింద రాయిలా గట్టిపడింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున అత్తయ్య చూసి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో గొట్టం వేశాక గానీ ఆయన మొహం తేటపడలేదు. ఆ షాపులో ఎవరైనా "తాతా, మూత్రం ఇబ్బంది ఏమైనా ఉందా" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు. ప్రోస్టేట్ సమస్య, కంటి ప్రెషర్, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు పాత రకం ఇవ్వకండి. 65 దాటిన ఎవరికైనా మానుకోవడమే మేలు. రాత్రి బాత్రూంకి లేచి తూలి పడటానికి ఈ మత్తు ఒక కారణం.

ఎంత, ఎప్పుడు, దేనితో

పన్నెండేళ్లు దాటినవాళ్లకు మామూలు రోజువారీ డోసు ఇలా ఉంటుంది: సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు, లెవోసెటిరిజిన్ 5, లోరటడిన్ 10, డెస్‌లోరటడిన్ 5, బిలాస్టిన్ 20. ఫెక్సోఫెనడిన్ తుమ్ములకు 120, దద్దుర్లకు 180. అన్నీ రోజుకు ఒకసారే. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాటి పూట దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి వేసుకోవద్దు.

సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ కొత్త రకమే అయినా కొందరికి నిద్ర తెస్తాయి. రాత్రి పూట మేలు. ఫెక్సోఫెనడిన్‌కు నిద్ర చాలా తక్కువ, కానీ దానికో చిక్కుంది. నారింజ, యాపిల్ రసంతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. బత్తాయి కూడా నిమ్మ జాతిదే కాబట్టి, జ్యూస్ బండి దగ్గర నిలబడి ఆ గ్లాసుతోనే గోలీ మింగే అలవాటు మానండి. మంచినీళ్లు చాలు. గ్యాస్‌కు వాడే జెలూసిల్, డైజీన్ లాంటి వాటిలోని అల్యూమినియం, మెగ్నీషియం కూడా దీన్ని అడ్డుకుంటాయి, రెండు గంటల ఎడం ఉంచండి. బిలాస్టిన్ ఖాళీ కడుపుతో, అంటే తినడానికి గంట ముందు లేదా తిన్న రెండు గంటల తర్వాత. "మందు పనిచేయట్లేదు" అని గోలీ మార్చమని వచ్చేవాళ్లలో సగం చిక్కు ఇక్కడే ఉంటుందని నా అనుభవం.

తుమ్ములకు ఇంకో కిటుకు. రోజంతా తుమ్మి తుమ్మి, భరించలేక సాయంత్రం ఒకటి వేసుకుంటే సగమే ఫలితం. మీకు ఏటా ఏ నెలల్లో వస్తుందో మీకు తెలుసు. ఆ రోజులు మొదలయ్యేముందే మొదలుపెట్టి, ఆ కాలం పోయేదాకా రోజూ వేసుకుంటే బాగా పనిచేస్తుంది.

మొదటిసారి సెలవు ముందు రోజు రాత్రి

కొత్త గోలీని శనివారం రాత్రి మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున ఎలా ఉందో చూసుకోండి. బద్ధకంగా, తల దిమ్ముగా ఉంటే సోమవారం ఉప్పల్ రోడ్డు మీద బండి నడపకండి. నిద్ర వస్తున్నట్టు తెలియకపోయినా బ్రేక్ వేయడంలో క్షణం ఆలస్యం కావచ్చు. రాత్రి క్యాబ్ నడిపేవాళ్లు, ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసేవాళ్లు నిద్ర తక్కువగా వచ్చే మందు కావాలని డాక్టర్‌ను నోరు తెరిచి అడగండి. కల్లయినా బీరయినా ఈ మందుతో కలవకూడదు. నిద్రమాత్రలు, ఆల్‌ప్రాజోలం లాంటి టెన్షన్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

అడగకుండా మొదలుపెట్టకూడనివాళ్లు

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ముఖ్యంగా. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి పోతాయి. కిడ్నీలు మందగిస్తే మందు ఒంట్లోనే పేరుకుంటుంది. డోసు సగానికో అంతకన్నా తక్కువకో తగ్గించాలి, కిడ్నీలు బాగా దెబ్బతింటే అసలు వాడకూడదు. షుగర్ ఉండి, చాలా రోజులుగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించుకోనివాళ్లు ఒకసారి చూపించుకుని మొదలుపెట్టండి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు లోరటడిన్, సెటిరిజిన్ ఎక్కువ కాలంగా వాడి చూసిన మందులు. అయినా మీ డాక్టర్ చెప్పాకే.

పిల్లల విషయంలో నేను బతిమాలి చెబుతాను. పెద్దవాళ్ల గోలీని విరిచి పిల్లలకు వేయకండి. సిరప్ అయితే టీ స్పూన్‌తో కాదు, గీతలున్న సిరంజితో కొలవండి. ఊరికి పోయేటప్పుడు బస్సులో పిల్లాడు ఏడవకుండా పడుకోవాలని అలర్జీ సిరప్ పట్టేవాళ్లు ఇప్పటికీ వస్తారు. రెండేళ్ల లోపు పిల్లల్లో ప్రోమెథజిన్ ఊపిరినే ఆపేయగలదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలని మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. ఇంట్లో పాత సీసా ఉంటే లేబుల్ చదవండి.

దద్దుర్లు తగ్గకపోతే

ఆరు వారాల లోపు తగ్గిపోతే అది తాత్కాలికం. వైరల్ జ్వరం తర్వాత అలా రావడం మామూలే. ఆరు వారాలు దాటి దాదాపు రోజూ లేస్తుంటే దీర్ఘకాలికం. ఇక్కడే మనవాళ్లు వంకాయ మానేస్తారు, గోంగూర మానేస్తారు, తర్వాత గుడ్డు, తర్వాత పప్పు. చివరికి అన్నం, పెరుగు మిగులుతాయి, దద్దుర్లు మాత్రం పోవు. దీర్ఘకాలిక దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చర్మంలోని కణాలను రెచ్చగొట్టడం చాలామందిలో కారణం. కొందరికి దానితో పాటు థైరాయిడ్ తేడా కూడా ఉంటుంది. నిజంగా మానుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి గోలీలు కొందరిలో దద్దుర్లను రెచ్చగొడతాయి. గుండెకు డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి, అడగండి.

రోజుకు ఒకటి చాలకపోతే చర్మ డాక్టర్లు కొత్త రకం గోలీని నాలుగు రెట్ల దాకా పెంచుతారు. ఇది అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతే. కానీ మీ కిడ్నీ, గుండె, మిగతా మందులు చూసి వాళ్లు చేసేది, మీరు చేసేది కాదు. దానికీ లొంగకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది.

మీరు ఒప్పుకోకూడనిది స్టెరాయిడ్. "రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అని పేరు చెప్పకుండా పొట్లంలో కట్టి ఇచ్చే చిన్న తెల్ల బిళ్ల, లేదా నెలకో ఇంజెక్షన్. నిజంగానే తగ్గుతుంది. ఆపగానే మళ్లీ లేస్తుంది, మళ్లీ వెళ్తారు. నెలలు గడిచేసరికి మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. పొట్లంలో ఏముందో చెప్పని చోట మందు తీసుకోకండి. డబ్బు ఇబ్బందైతే బస్తీ దవాఖానాకో, ముక్కు సమస్యకు కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో వెళ్లండి.

ముక్కు దిబ్బడకు గోలీ చాలదు

తుమ్ములు, నీరు, దురద గోలీతో తగ్గుతాయి. దిబ్బడ అంతగా తగ్గదు. దానికి ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి ముక్కు స్ప్రే మేలు. స్టెరాయిడే అయినా ముక్కు వరకే పనిచేస్తుంది, ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. తల కొంచెం కిందికి వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మొన చెవి వైపు ఉండేలా కొట్టాలి. మధ్య గోడకు తగిలితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగబీల్చకూడదు. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో పూర్తి ఫలితం. ఒట్రివిన్ లాంటి వెంటనే తెరిచే చుక్కలు మాత్రం అయిదు రోజులు దాటితే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

ఆపేటప్పుడు

తుమ్ముల కాలం పోతే కొద్ది వారాలు వాడిన గోలీని ఆపేయొచ్చు. నెలలు, ఏళ్లు రోజూ వేసుకున్న సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ ఆపేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అరుదుగా కొందరికి ఆపిన రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా భరించలేని దురద వస్తుంది. ముందు ఎప్పుడూ దురద లేనివాళ్లకు కూడా. 2017 నుంచి 2023 మధ్య ప్రపంచవ్యాప్తంగా ఇలాంటివి 209 కేసులు తమ దృష్టికి వచ్చాయని ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరించింది. ఇలా జరిగితే జబ్బు ముదిరిందని భయపడకండి, గోలీకి బానిసయ్యామనీ అనుకోకండి. డాక్టర్‌కు "గోలీ ఆపాక మొదలైంది" అని స్పష్టంగా చెప్పండి. చాలామందికి మళ్లీ మొదలుపెడితే దురద తగ్గింది. అలా మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గించి ఆపితే కొందరికి తిరిగి రాలేదు.

దద్దుర్లకు వాడేవాళ్లు కొన్ని నెలలు పూర్తిగా ప్రశాంతంగా ఉన్నాక డాక్టర్‌తో మాట్లాడి తగ్గించి చూడొచ్చు. మళ్లీ లేస్తే తిరిగి మొదలుపెట్టడమే, అందులో ఓటమి ఏమీ లేదు.

అలర్జీ చర్మ పరీక్షకు వెళ్తున్నట్టయితే గోలీ దాని ఫలితాన్ని చెరిపేస్తుంది. సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే, స్ట్రిప్ చేతిలో పట్టుకుని, ఆ పేరు చదివి అడగండి.